గుండెపోటు తర్వాత చిన్న రక్తనాళాల పరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చాక రిపోర్టులో "నో-రీఫ్లో", "మైక్రోవాస్క్యులర్ అబ్‌స్ట్రక్షన్", "ఐఎంఆర్" లాంటి మాటలు కనిపించి టెన్షన్ పడేవాళ్ళ కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం ఈ పేజీ. మీ కేసు పూర్తిగా తెలిసింది మీ కార్డియాలజిస్టుకే. ఆయన చెప్పేది అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తే చాలు.

స్టెంట్ వేశారు, బ్లాక్ పోయిందన్నారు. మళ్ళీ ఈ చిన్న నాళాల గొడవేమిటి?

యాంజియోగ్రామ్‌లో మీకు చూపించినవి గుండె బయటి ఉపరితలం మీద పాకే పెద్ద నాళాలు. వాటి వెడల్పు సుమారు 2 నుంచి 5 మిల్లీమీటర్లు. వాటి నుంచి కొమ్మలు, రెమ్మలు చీలి కండరం లోపలికి దిగుతాయి. అర మిల్లీమీటరు కన్నా సన్నబడ్డాక అవి యాంజియోలో విడివిడిగా కనిపించవు. చిట్టచివరి కేశనాళికలైతే మరీ సన్నం, ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి ఒంగి దూరాల్సిందే. కండరానికి ఆక్సిజన్ అందేది మాత్రం అక్కడే.

పెద్ద కాలువ తూము ఎత్తినా పిల్లకాలువలు పూడిపోయి ఉంటే మడికి నీరందదు కదా. స్టెంట్ చేసేది తూము ఎత్తే పని. అది తప్పనిసరి, దానికన్నా ముఖ్యమైన వైద్యం ఆ సమయంలో ఇంకొకటి లేదు. కానీ "నాళం తెరుచుకుంది" అన్నంత మాత్రాన "కండరానికి రక్తం అందుతోంది" అని కాదు. ఈ పరీక్షలన్నీ పుట్టింది ఆ రెండింటి మధ్య తేడా తెలుసుకోవడానికే.

పెద్ద నాళం తెరిచాక కూడా చిన్నవి ఎందుకు మూసుకుపోతాయి?

దీన్ని గుండెలో స్పష్టంగా చూపించిన ప్రయోగం 1974 నాటిది. క్లోనర్, గానోట్, జెన్నింగ్స్ అనే అమెరికా పరిశోధకులు కుక్కల గుండె ధమనిని కొంతసేపు కట్టేసి, తర్వాత వదిలారు. 40 నిమిషాలు కట్టి వదిలితే రక్తం కండరమంతా తిరిగి పారింది. 90 నిమిషాలు కట్టి వదిలితే, పైనాళం పూర్తిగా తెరిచి ఉన్నా లోపలి కండరంలో కొన్ని చోట్లకు రక్తం చేరనే లేదు. "నో-రీఫ్లో" అంటే ఇదే. ఆ చోట్లను మైక్రోస్కోపులో చూస్తే కేశనాళికల గోడలు ఉబ్బి, దారిని లోపలి నుంచే మూసేసి కనిపించాయి.

మనుషుల్లో కారణాలు ఇంకొన్ని కలుస్తాయి. బెలూన్, స్టెంట్ వేసేటప్పుడు క్లాట్ ముక్కలు, కొవ్వు తునకలు కిందికి కొట్టుకుపోయి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు గుంపుగా చేరి దారికి అడ్డం పడతాయి. కండరం నీరు పట్టి వాచి, నాళాలను బయటి నుంచి నొక్కుతుంది. చిన్న నాళాలు బిగుసుకుపోతాయి. గాయం మరీ ఎక్కువైతే కేశనాళికల గోడ చిట్లి రక్తం కండరంలోకి కారుతుంది.

ఇవన్నీ ఒకే మనిషిలో ఒకేసారి జరగొచ్చు. ఒక్కో మనిషిలో ఒక్కోటి ఎక్కువగా ఉండొచ్చు. ఒకే మందుతో దీన్ని నయం చేయాలని చేసిన ప్రయత్నాలు ఎందుకు విఫలమయ్యాయో ఇక్కడే సగం అర్థమవుతుంది.

ఇది అరుదైన సమస్యా?

కాదు. గుండెపోటుకు వెంటనే స్టెంట్ వేయించుకున్నవాళ్ళకి ఎంఆర్ఐ తీస్తే దాదాపు సగం మందిలో ఎంతో కొంత కనిపిస్తుంది. ఏడు అధ్యయనాల్లోని 1,688 మంది వివరాలు కలిపి 2017లో ప్రచురించిన విశ్లేషణలో ఇది సుమారు 57 శాతం మందిలో ఉంది. అయితే "ఉంది" అన్నది ఒక మాట, "ఎంత ఉంది" అన్నది ఇంకో మాట. చాలామందిలో అది గుండె కండరంలో చాలా చిన్న భాగమే.

నొప్పి మొదలైన చాలాసేపటికి ఆసుపత్రి చేరినవాళ్ళలో, నాళం పూర్తిగా మూసుకుపోయినవాళ్ళలో, పెద్ద క్లాట్ ఉన్నవాళ్ళలో, గుండె ముందుభాగానికి రక్తమిచ్చే ఎల్ఏడీ నాళం మూసుకున్నవాళ్ళలో, ఆ సమయంలో షుగర్ బాగా పెరిగి ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ.

స్టెంట్ వేస్తున్నప్పుడే డాక్టర్లకు తెలియదా?

కొంత తెలుస్తుంది. స్టెంట్ వేశాక రంగుమందు ఎంత వేగంగా పారిందో చూసి "టిమి" గ్రేడ్ ఇస్తారు. 0 అంటే అసలు పారలేదు, 3 అంటే మామూలుగా పారింది. రిపోర్టులో "టిమి 3 ఫ్లో" అని ఉండేది ఇదే. రంగుమందు కండరంలోకి ఇంకి, కాసేపు మసకగా మెరిసి తొలగిపోతుందా లేదా అన్నదానికి "బ్లష్ గ్రేడ్" ఉంది. అదీ 0 నుంచి 3 వరకే.

వీటిలో చిక్కేమిటంటే రెండూ కంటి అంచనాలు. పైగా టిమి 3 వచ్చినవాళ్ళలోనూ చాలామందికి ఎంఆర్ఐలో లోపం బయటపడుతుంది. అంటే టిమి 2 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఆందోళన పడాల్సిందే, 3 వచ్చిందని మాత్రం పూర్తిగా నిశ్చింతగా ఉండలేం.

నా దృష్టిలో తగినంత గౌరవం దక్కని పరీక్ష ఒకటుంది: మామూలు ఈసీజీ. స్టెంట్ వేసిన 60 నుంచి 90 నిమిషాలకు మళ్ళీ తీసి, గుండెపోటు సమయంలో పైకి లేచిన గీత (దీన్ని ఎస్టీ భాగం అంటారు) ఎంత దిగిందో చూస్తారు. 70 శాతం లేదా ఎక్కువ దిగితే కండరానికి రక్తం అందుతోందని మంచి సూచన. సగం కూడా దిగకపోతే కింద ఏదో అడ్డుందని అనుమానించాలి. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, అదనపు ఖర్చు లేదు. ఎన్ని ఖరీదైన కొలతలు వచ్చినా దీన్ని వదిలేయకూడదు.

ఐఎంఆర్ అంటే ఏమిటి? ఎలా కొలుస్తారు?

చిన్న నాళాలు రక్తప్రవాహానికి ఎంత అడ్డు చెబుతున్నాయో అంకెలో చెప్పే కొలత ఇది. 2003లో ఫియరన్ బృందం ప్రతిపాదించింది.

కాథ్ ల్యాబ్‌లోనే, స్టెంట్ వేసిన దారిలోనే చేస్తారు. పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ కొలిచే సెన్సర్ ఉన్న వైరును స్టెంట్ దాటించి కిందికి పంపుతారు. దాని మందం 0.36 మిల్లీమీటర్లు. తర్వాత అడినోసిన్ మందు ఎక్కిస్తారు. దాంతో చిన్న నాళాలు వాటికి చేతనైనంత వరకు తెరుచుకుంటాయి. ఆ స్థితిలో గది ఉష్ణోగ్రతలో ఉన్న సెలైన్‌ను 3 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు వేగంగా వదులుతారు. సెలైన్ ఒంట్లోని రక్తం కన్నా చల్లగా ఉంటుంది కాబట్టి, ఆ చల్లదనం కింది సెన్సర్‌ను చేరడానికి ఎంతసేపు పట్టిందో తెలిసిపోతుంది. ప్రవాహం బాగుంటే తక్కువ సమయం, మందగిస్తే ఎక్కువ సమయం.

నాళం కింది చివర పీడనాన్ని ఆ సమయంతో గుణిస్తే వచ్చేదే ఐఎంఆర్. ఉదాహరణకు పీడనం 80, సమయం 0.3 సెకన్లు అయితే ఐఎంఆర్ 24. అదే పీడనం ఉండి సమయం 0.7 సెకన్లకు పెరిగితే 56. మొదటి మనిషిలో చిన్న నాళాలు బాగానే దారి ఇస్తున్నాయి, రెండో మనిషిలో గట్టిగా అడ్డుకుంటున్నాయి.

ఆ అంకె ఎంతుంటే మంచిది?

మామూలు పరిస్థితుల్లో 25 లోపు ఉంటే బాగున్నట్టు. గుండెపోటు వచ్చిన నాళంలో మాత్రం 40ని గీతగా వాడతారు. ఎందుకంటే ఆ సమయంలో అందరికీ కొంత పెరిగే ఉంటుంది. 253 మంది మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 40 దాటినవాళ్ళలో ఏడాది లోపు మరణం గానీ గుండె వైఫల్యంతో మళ్ళీ ఆసుపత్రిలో చేరడం గానీ 17.1 శాతం మందికి జరిగింది. 40, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళలో అది 6.6 శాతం.

ఈ అంకెల్ని తిరగేసి కూడా చదవండి. 40 దాటినవాళ్ళలోనూ పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఆ ఏడాది ఆ రెండూ లేకుండానే గడిపారు. 38 వచ్చిన మనిషికి, 42 వచ్చిన మనిషికి మధ్య పెద్ద అగాధమేమీ లేదు. గీత మనం గీసుకున్నది.

సీఎఫ్ఆర్ అని ఇంకొకటి రాశారు. అది వేరా?

వేరే. గుండె కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడే రక్తంలోని ఆక్సిజన్‌లో దాదాపు 70 శాతం లాగేసుకుంటుంది. కాబట్టి పని పెరిగినప్పుడు అదనపు ఆక్సిజన్ కావాలంటే ఉన్న ఒకే దారి రక్తప్రవాహాన్ని పెంచడం. విశ్రాంతిలో ఉన్న ప్రవాహం గరిష్ఠంగా ఎన్ని రెట్లు పెరగగలదో చెప్పేది సీఎఫ్ఆర్. ఆరోగ్యంగా ఉంటే మూడు, నాలుగు రెట్లు పెరగగలదు. 2 కన్నా తక్కువైతే లోపం ఉన్నట్టు. కొన్ని పద్ధతుల్లో 2.5ని గీతగా తీసుకుంటారు.

దీని బలహీనత ఏమిటంటే పెద్ద నాళంలో బ్లాక్ ఉన్నా తగ్గుతుంది, చిన్న నాళాల్లో లోపం ఉన్నా తగ్గుతుంది. జ్వరం వల్లో ఆందోళన వల్లో విశ్రాంతి ప్రవాహమే ఎక్కువగా ఉన్నా తగ్గినట్టు చూపిస్తుంది. ఐఎంఆర్ చిన్న నాళాల గురించి మాత్రమే మాట్లాడుతుంది. అందుకే రెండూ కలిపి చదువుతారు.

ఎఫ్ఎఫ్ఆర్ చేశారు, బాగానే వచ్చింది. అది చాలదా?

చాలదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఎఫ్ఎఫ్ఆర్ చెప్పేది పెద్ద నాళంలోని బ్లాక్ సంగతి. బ్లాక్‌కు ముందూ వెనకా పీడనం తేడా చూసి, 0.80 లేదా తక్కువైతే బ్లాక్ లెక్కలోకి తీసుకోవాల్సిందే అంటారు. ఆ తేడా కనిపించాలంటే నాళంలో ప్రవాహం బాగా ఉండాలి. గుండెపోటుకు కారణమైన నాళంలో, అదీ మొదటి రోజుల్లో, చిన్న నాళాలు దెబ్బతిని ప్రవాహమే తక్కువగా ఉంటుంది. అప్పుడు బ్లాక్ ఉన్నా పీడనం పెద్దగా పడిపోదు. ఎఫ్ఎఫ్ఆర్ అసలుకన్నా మెరుగ్గా కనిపిస్తుంది. ఒక లోపం ఇంకో లోపాన్ని కప్పేస్తుందన్నమాట.

వైరు లేకుండా ఐఎంఆర్ చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయట, నిజమేనా?

నిజమే. యాంజియో బొమ్మల నుంచే నాళం ఆకారం, రంగుమందు పారిన వేగం లెక్కగట్టి అంచనా వేస్తాయి. వైరు, అడినోసిన్ అక్కర్లేకుండా పని జరిగితే అర్ధరాత్రి ఎమర్జెన్సీలో చాలా సౌకర్యం. కానీ ఇవి అంచనాలు. బొమ్మ సరిగ్గా రాకపోతే అంకె కూడా సరిగ్గా రాదు. వైరుతో కొలిచినదానికి ఇంకా సమానం అనలేం.

ఎంఆర్ఐలో ఇది ఎలా కనిపిస్తుంది?

దీన్ని నేరుగా, కండరంలో ఎక్కడెంత ఉందో సహా చూపించేది ఎంఆర్ఐ. గాడోలీనియం అనే కాంట్రాస్ట్ మందును నరంలోకి ఇచ్చి, సుమారు 10 నుంచి 15 నిమిషాలు ఆగి బొమ్మలు తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న కండరం నుంచి మందు అప్పటికి కడిగేసుకుపోయి నల్లగా కనిపిస్తుంది. చనిపోయిన కండరంలో మందు నిలిచిపోయి తెల్లగా మెరుస్తుంది. ఆ తెల్లటి భాగం నడుమ ఒక నల్లటి మచ్చ ఉందనుకోండి, అక్కడికి మందే చేరలేదని అర్థం. మందు చేరలేదంటే రక్తం చేరలేదు. మైక్రోవాస్క్యులర్ అబ్‌స్ట్రక్షన్ అంటే ఆ మచ్చే. మొదటిసారి బొమ్మ చూసేవాళ్ళు నల్లటి మచ్చను ఆరోగ్యమైన కండరం అనుకుంటారు. నిజానికి గాయం అన్నిటికన్నా లోతుగా ఉన్నది అక్కడే.

టీ2-స్టార్ అనే ఇంకో రకం బొమ్మ తీస్తే కండరంలోకి రక్తం కారిందో లేదో తెలుస్తుంది. కారిన రక్తంలోని ఇనుము ఎంఆర్ఐ సంకేతాన్ని తగ్గిస్తుంది. ఇది ఉన్నవాళ్ళలో గుండె సాగిపోవడం, పంపింగ్ తగ్గడం ఎక్కువ. కెనడా హృద్రోగ నిపుణుల సంఘం 2023లో గుండెపోటు గాయాన్ని నాలుగు దశలుగా విభజించింది: కండరం దాదాపుగా బతికిపోయింది, కండరం చనిపోయింది కానీ చిన్న నాళాలు బాగున్నాయి, చిన్న నాళాలు కూడా మూసుకుపోయాయి, రక్తం కూడా కారింది. రిపోర్టు అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా తేలికైన చట్రం నాకు కనిపించలేదు.

తీయడానికి మంచి సమయం గుండెపోటు వచ్చిన మూడో రోజు నుంచి వారం లోపు. ఆలస్యమైతే నల్లటి మచ్చ చెదిరిపోయి, ఉన్నది కూడా లేనట్టు కనిపించవచ్చు.

స్టెంట్ ఉండగా ఎంఆర్ఐ తీయొచ్చా?

ఇప్పుడు వాడే గుండె స్టెంట్లతో తీయొచ్చు, వేసిన కొద్ది రోజులకైనా సరే. స్టెంట్ కార్డు మాత్రం వెంట తీసుకెళ్ళండి. పేస్‌మేకర్ గానీ, ఒంట్లో మరే లోహపు పరికరం గానీ ఉంటే ముందే చెప్పాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి, అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కన్నా తక్కువ ఉన్నవాళ్ళకి, గాడోలీనియం ఇచ్చేముందు డాక్టర్లు ఏ రకం మందు వాడాలో, అసలు అవసరమో కాదో ఆలోచిస్తారు.

ఎకో, పెట్ స్కాన్ సంగతేమిటి?

మామూలు ఎకో పంపింగ్ ఎంతుందో, ఏ గోడ కదలడం లేదో చెబుతుంది. చిన్న నాళాల్ని నేరుగా చూపించదు. నరంలోకి సూక్ష్మ బుడగల మందు ఇచ్చి తీసే కాంట్రాస్ట్ ఎకోలో మాత్రం, బుడగలు చేరని కండరం తెలిసిపోతుంది. పైగా మంచం దగ్గరే చేయొచ్చు. చేసే చేతికి అనుభవం కావాలి.

పెట్ స్కాన్ ఒక గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందో అంకెలో చెబుతుంది. కొలతగా దీనికి మంచి పేరుంది. కానీ గుండెపోటు వచ్చిన మొదటి రోజుల్లో ఎక్కువగా వాడరు. నెలలు గడిచాక, బ్లాకులు లేకపోయినా నొప్పి వస్తున్నవాళ్ళకి బాగా ఉపయోగపడుతుంది.

అడినోసిన్ ఇస్తే గుండె ఆగినట్టు ఉంటుందని విన్నాను. భయంగా ఉంది.

ఛాతీ బరువెక్కడం, ముఖం వేడెక్కడం, ఊపిరి ఆడనట్టు అనిపించడం చాలామందికి జరిగేవే. గుండె లయ కొద్దిసేపు నెమ్మదించవచ్చు కూడా. ముందే చెప్పకపోతే మళ్ళీ గుండెపోటు వచ్చిందని హడలిపోతారు. కాబట్టి చెప్పించుకోండి. మందు రక్తంలో సగానికి తగ్గడానికి పది సెకన్లు కూడా పట్టదు, ఆపగానే త్వరగా సర్దుకుంటుంది. ఆస్తమా ఉంటే తప్పక చెప్పాలి. ముందుగా నిర్ణయించిన పరీక్ష అయితే 12 నుంచి 24 గంటల ముందు నుంచి కాఫీ, టీ, కోలా, చాక్లెట్ మానేయమంటారు. కెఫీన్ ఈ మందును పని చేయనివ్వదు.

ఇంత ముఖ్యమైతే అందరికీ ఎందుకు చేయరు?

ఎందుకంటే ఫలితం వచ్చాక వైద్యం పెద్దగా మారదు. ఈ విషయం కొంత నిరాశగా ఉన్నా దాచాల్సిన పని లేదు. ఎవరికి ముప్పు ఎక్కువో ఈ పరీక్షలు బాగా చెబుతాయి. 2017 విశ్లేషణలోనే, మూసుకుపోయిన భాగం ఎడమ జఠరిక కండరంలో 1 శాతం పెరిగినకొద్దీ ఏడాదిలో మరణించే ముప్పు 14 శాతం చొప్పున పెరుగుతున్నట్టు తేలింది. కానీ ముప్పు తెలియడం వేరు, దాన్ని తప్పించే మందు ఉండటం వేరు.

ప్రయత్నాలు తక్కువేమీ కాదు. క్లాట్‌ను గొట్టంతో పీల్చేస్తే మంచిదనుకున్నారు. 10,000 మందికి పైగా పాల్గొన్న "టోటల్" అనే ట్రయల్ 2015లో అందరికీ అలా చేయడం వల్ల లాభం లేదని చెప్పింది, పక్షవాతం ముప్పు కాస్త పెరిగింది కూడా. క్లాట్ కరిగించే ఆల్టెప్లేస్‌ను తక్కువ మోతాదులో నేరుగా గుండె నాళంలోకి ఇచ్చి చూసిన టీ-టైమ్ ట్రయల్ 2019లో లాభం లేదని తేల్చింది. సైక్లోస్పోరిన్ అనే మందు కూడా పని చేయలేదు. చేతికి బీపీ పట్టీ బిగించి వదులుతూ గుండెను సిద్ధం చేసే పద్ధతి చిన్న అధ్యయనాల్లో ఆశ కలిగించి, 5,000 మందికి పైగా ఉన్న పెద్ద ట్రయల్‌లో తేలిపోయింది.

కాథ్ ల్యాబ్‌లో కళ్ళముందే ప్రవాహం మందగిస్తే అడినోసిన్, వెరాపమిల్, నైట్రోప్రుసైడ్ లాంటివి నాళంలోకి ఇస్తారు. బొమ్మలో ప్రవాహం మెరుగవుతుంది. ప్రాణాలు నిలబెడతాయని మాత్రం రుజువు కాలేదు.

అయితే నా రిపోర్టులో ఉంటే ఏం చేయాలి?

గుండెపోటు తర్వాత ఇచ్చే మందుల్ని ఇంకా పట్టుదలగా వాడాలి. రక్తం పలచబరిచే రెండు మందులు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, గుండె మీద భారం తగ్గించే ఏసీఈ ఇన్హిబిటర్ రకం మందు, పంపింగ్ తగ్గితే దానికి కావాల్సినవి. చిన్న నాళాలు మూసుకున్న గుండె సాగిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, ఎకో వాయిదా వేయొద్దు. ఎడమ జఠరికలో క్లాట్ ఏర్పడుతుందేమో కూడా చూస్తారు, ముఖ్యంగా ఎల్ఏడీ గుండెపోటులో. పంపింగ్ 35 శాతం లేదా తక్కువే ఉండిపోతే, కనీసం 40 రోజులు ఆగి, స్టెంట్ వేసినవాళ్ళలో మామూలుగా మూడు నెలలు చూసి, గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ పరికరం గురించి మాట్లాడతారు. ఆగేది ఎందుకంటే ఆ లోపు చాలామందిలో కండరం కొంత కోలుకుంటుంది.

డాక్టర్‌ని ఒక్క ప్రశ్న తప్పక అడగండి: "ఈ ఫలితం వల్ల నా మందుల్లో గానీ, మళ్ళీ రావాల్సిన తేదీలో గానీ ఏమైనా మారుతుందా?" కొత్త పరీక్ష రాసినప్పుడు కూడా ఇదే ప్రశ్న.

మూసుకున్న చిన్న నాళాలు మళ్ళీ తెరుచుకుంటాయా?

కొన్ని తెరుచుకుంటాయి. వాపు తగ్గాక, బిగుసుకున్న నాళాలు వదులయ్యాక నెలల్లో కొలతలు మెరుగుపడటం మామూలే. గోడ చిట్లి రక్తం కారిన చోట ఆ ఆశ తక్కువ, అక్కడ మచ్చ మిగులుతుంది.

నాకు గుండెపోటే అన్నారు, కానీ యాంజియోలో బ్లాకులు లేవట. అదెలా?

గుండెపోటు వచ్చినవాళ్ళలో సుమారు 5 నుంచి 10 శాతం మందిలో పెద్ద బ్లాక్ కనిపించదు. దీన్ని మినోకా అంటారు. ఇది రోగ నిర్ధారణ కాదు, వెతకడం మొదలుపెట్టాల్సిన చోటు. చిన్న నాళాల లోపం కావచ్చు, పెద్ద నాళం బిగుసుకుని వదిలి ఉండొచ్చు, చిన్న పగులు మీద క్లాట్ ఏర్పడి కరిగి ఉండొచ్చు. అసలు గుండెపోటే కాక కండరం వాపు కూడా అయ్యుండొచ్చు. ఇక్కడ ఎంఆర్ఐ నిజంగా వైద్యాన్ని మార్చేస్తుంది. మినోకా అన్నవాళ్ళు ఎంఆర్ఐ గురించి అడగడానికి మొహమాటపడొద్దు.

స్టెంట్ బాగుందంటున్నారు, అయినా నడిస్తే ఛాతీ నొప్పి. చిన్న నాళాలదేలే అని ఊరుకోవచ్చా?

ఊరుకోవద్దు. ముందు స్టెంట్, మిగతా పెద్ద నాళాలు నిజంగా బాగున్నాయో లేదో తేల్చుకోవాలి. అవి బాగుండి నొప్పి మిగిలితే, అప్పుడు సీఎఫ్ఆర్, ఐఎంఆర్ కొలుస్తారు. అవసరమైతే అసిటైల్‌కోలిన్ అనే మందు ఇచ్చి నాళాలు బిగుసుకుంటున్నాయేమో కూడా చూస్తారు. చిన్న నాళాలు సరిగా తెరుచుకోకపోతే తరచుగా బీటా బ్లాకర్ ఇస్తారు, నాళం బిగుసుకునే రకమైతే కాల్షియం చానల్ బ్లాకర్. కారణం తెలుసుకుని మందు ఇస్తే నొప్పి తగ్గుతుందని, రోజువారీ జీవితం మెరుగవుతుందని 2018లో వచ్చిన కార్మికా ట్రయల్ చూపించింది. విశ్రాంతిలో ఉండగా నొప్పి వచ్చి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా ఏ నాళమన్న చర్చ పెట్టుకోకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.